నైరోబీలో ఒకే కప్పు కింద చిత్రప్రదర్శన, సాహిత్యోత్సవం: ఒక కేస్ స్టడీ

చిత్రప్రదర్శననూ సాహిత్యోత్సవాన్నీ ఒకే భవనంలో, ఒకేసారి పెట్టేద్దామనే ఆలోచన నైరోబీలో నిర్వాహకులకు తరచూ వస్తుంది. అద్దె కలిసొస్తుంది, పోస్టరు కలిసొస్తుంది, రచయితను వినడానికి వచ్చినవాళ్ళు బొమ్మలు కూడా చూసి వెళ్తారు. కాగితం మీద అంతా లాభమే. పనిలోకి దిగాక తెలుస్తుంది, రెండింటి అవసరాలూ ఎదురెదురని. బొమ్మలకు తక్కువ వెలుతురు, పలచని జనం, ఎక్కువ రోజులు కావాలి. ఉత్సవానికి మూడు రోజుల్లో వీలైనంత మంది, గట్టి మైకు, బార్లా తెరిచిన తలుపులు కావాలి. కలిపి పెడితే నలిగేది దాదాపు ఎప్పుడూ బొమ్మలే. ఆ నలుగుడు తగ్గాలంటే మూడు విడదీయాలి: తేదీలు, తలుపులు, కరెంటు లైన్లు. కింద రాసిందంతా ఆ విడదీసే పని గురించే.

ఇది ఏ ఒక్క సంస్థ పద్దుల్లోంచీ తీసింది కాదు. ఆ ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళు ఎదుర్కొనే లెక్కలతో కట్టిన నమూనా. నగరం నడిబొడ్డున వలసపాలన నాటి రాతి భవనం. 36 కళాకృతులు: 20 కాన్వాసులు, ఫొటోలూ కాగితం మీద వేసినవీ కలిపి 10, బెరడు వస్త్రం మీద వేసినవి 3, ఒక లోహ శిల్పం, రెండు వీడియోలు. ప్రదర్శన మూడు వారాలు. ఉత్సవం శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా, 200 సీట్ల హాల్లో 12 సమావేశాలు.

ఊరి పరిస్థితి

నైరోబీకి ఈ రెండు రంగాల్లోనూ పాత అనుభవం ఉంది. చిత్రకారుడు ఎలిమో న్జావు వాళ్ళ పా యా పా కళాకేంద్రం 1965లో మొదలైంది, వటాటు గ్యాలరీ 1968లో. 2003 గోడౌన్ ఆర్ట్స్ సెంటరు వచ్చిన ఏడు, క్వానీ? సాహిత్యపత్రిక పుట్టిన ఏడు కూడా. 2013 నుంచి సర్కిల్ ఆర్ట్ గ్యాలరీ వాళ్ళు తూర్పు ఆఫ్రికా కళకు వేలం నడుపుతున్నారు. చిత్రకారుడు మైకేల్ ఆర్మిటేజ్ నైరోబీ కంటెంపరరీ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. సాహిత్యం వైపు చూస్తే స్టోరీమోజా, క్వానీ? ఉత్సవాల తర్వాత 2019లో కెన్యా నేషనల్ థియేటర్లో మకోండో ఉత్సవం మొదలైంది. బుక్ బంక్ సంస్థ పాత గ్రంథాలయాలను బాగుచేసే పనితో పాటు ఎన్‌బీఓ లిట్‌ఫెస్ట్ అనే సాహిత్యోత్సవం నడిపింది.

కళాకారులకు, రచయితలకు కొదవ లేదు. ప్రేక్షకులకూ లేదు. కొరత ఉన్నది భవనాలకు. బొమ్మలకోసమే కట్టిన హాళ్ళు తక్కువ, ఉన్నవాటిలో చాలామటుకు ఊరి నడుమకు దూరంగా, పడమటి, ఉత్తరపు పేటల్లో ఉన్నాయి. మటాటూలో (అక్కడి ప్రైవేటు మినీబస్సులో) వచ్చే విద్యార్థికి అందుబాటులో ఉండేవి నడిబొడ్డున ఉన్న పాత కట్టడాలు. 1931లో తెరిచిన మెక్‌మిలన్ మెమోరియల్ లైబ్రరీ అలాంటిది. మొదట్లో తెల్లవాళ్ళకు మాత్రమే ప్రవేశం. ఆ లైబ్రరీ కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. 1913 నాటి పాత ప్రావిన్షియల్ కమిషనర్ కచేరీలో నడుస్తున్న నైరోబీ గ్యాలరీ ఇంకొకటి. కెన్యా ఉపాధ్యక్షుడిగా చేసిన జోసెఫ్ మురుంబి సేకరించిన కళాఖండాలు అక్కడున్నాయి. తండ్రి గోవా మనిషి కావడంతో మురుంబి చిన్నప్పుడు మన దేశంలోనే, బెంగళూరులోనూ బళ్ళారిలోనూ చదువుకున్నాడు. బళ్ళారి అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉండేది, అనంతపురానికి పొరుగున.

ఇలాంటి రక్షిత కట్టడాల గోడకు మేకు కొట్టనివ్వరు. ఇక్కడి నుంచే అసలు పని మొదలవుతుంది.

తేదీలు

పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా, చిన్న వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిగిలేవి జనవరి, ఫిబ్రవరి. జూన్ నుంచి సెప్టెంబరు. జూన్, జూలై చల్లగా, పొడిగా ఉంటాయి కాబట్టి బొమ్మలకు బాగుంటాయి. అయితే 2024 జూన్ 25న జనం పార్లమెంటులోకి చొచ్చుకుపోయిన నాటి నుంచి ఆ తేదీ నిరసనల తేదీ అయింది. జూలై 7 అంతకు చాలా ముందు నుంచే అలాంటిది. 2025లో రెండు రోజులూ రక్తపాతంతోనే గడిచాయి. ఆ రోజుల్లో నడిబొడ్డుకు వచ్చే దారులు మూసేస్తారు, బస్సులు ఆగిపోతాయి. భవనం పార్లమెంటుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే జూన్ 20 నుంచి జూలై 10 మధ్య ఉత్సవం పెట్టకపోవడమే మంచిది.

ఆగస్టు బడిసెలవుల నెల. పిల్లల కార్యక్రమాలకు అనుకూలం, బడులనుంచి గుంపులుగా విద్యార్థులు రావాలనుకుంటే మాత్రం ప్రతికూలం. ఎన్నికలు అయిదేళ్ళకోసారి ఆగస్టు రెండో మంగళవారం నాడు వస్తాయి. ఆ ఏడాది ఆగస్టే కాదు, సెప్టెంబరు కూడా వదులుకోవాల్సి రావచ్చు. 2017లో సుప్రీంకోర్టు ఫలితాన్ని కొట్టేయడంతో అక్టోబరు 26న మళ్ళీ పోలింగు జరిగింది, ఊరు అప్పటిదాకా కుదుటపడలేదు. వచ్చే ఎన్నికలు 2027లో.

జూన్ తర్వాతి కాలంలో ఇవన్నీ తీసేస్తే మామూలు ఏడాదిలో సెప్టెంబరు మొదటి మూడు వారాలు మిగులుతాయి. ఊళ్ళో ఉన్న ప్రతి నిర్వాహకుడూ ఇదే లెక్క వేస్తాడు కాబట్టి అప్పుడే పుస్తక ప్రదర్శనలూ ఇతర ఉత్సవాలూ మీదమీద పడతాయి. హాలు, మైకుసెట్లు, దుభాషీలు, మంచి ఫుండీలు (వడ్రంగం, రంగు పనులు చేసేవాళ్ళు) అందరికీ ఒకేసారి కావాల్సి వస్తారు. హాలు తొమ్మిది నెలల ముందు, దుభాషీలను నాలుగు నెలల ముందు కుదుర్చుకోకపోతే ఆనక దొరికినవాళ్ళతో సర్దుకోవాలి.

ప్రదర్శన, ఉత్సవం ఒకే రోజు ప్రారంభించకూడదు. ప్రదర్శన మంగళవారం తెరవాలి, ఉత్సవం రెండో వారాంతంలో రావాలి, ఆ తర్వాత ఇంకో వారం ప్రదర్శన కొనసాగాలి. ముందున్న పది రోజుల్లో దీపాల కోణాలు, చీటీల తప్పులు, వీడియో ప్లేయర్ల మొరాయింపులు బయటపడి సరి అవుతాయి. బొమ్మలు నిజంగా చూడాలనుకునేవాళ్ళు వచ్చేది వెనకున్న వారంలో. కొనేవాళ్ళు కూడా ఎక్కువగా వాళ్ళలోనే ఉంటారు. ఉత్సవం రోజున గ్యాలరీలో తిరిగేవాళ్ళు చేతిలో టీకప్పుతో స్నేహితుల్ని వెతుక్కుంటుంటారు, వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు.

తెరలు, మేకులు

గోడను ముట్టుకోకూడదు కాబట్టి నిలబడే తెరలు కట్టించాలి. గోడకు తగిలించాల్సినవి 33. సగటున 80 సెంటీమీటర్ల వెడల్పు, పక్కపక్కవాటి మధ్య 40 సెంటీమీటర్ల ఖాళీ అనుకుంటే ఒక్కోదానికి 1.2 మీటర్లు, అంటే 39.6 మీటర్లు. అంచుల దగ్గర వదలాల్సిన జాగాకు మరో ఆరు మీటర్లు. 244 × 122 సెంటీమీటర్ల ప్లైవుడ్ షీట్లు రెండు పక్కపక్కన నిలబెట్టి, వెనకవైపు మరో రెండు బిగిస్తే ఒక తెర. రెండు ముఖాలూ వాడుకుంటే ఒక్కోటి 4.88 మీటర్లు ఇస్తుంది. పది తెరలకు 48.8 మీటర్లు వస్తుంది, పరిచయ వాక్యాలకు కూడా చోటు మిగులుతుంది. కావాల్సిన షీట్లు 40.

షీటు 12 మిల్లీమీటర్లది తీసుకోవాలి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (కర్రపొట్టును అదిమి చేసే పలక) చూడ్డానికి నున్నగా ఉన్నా ఒక్కో షీటు దాదాపు 40 కిలోలు తూగుతుంది, పాత భవనాల ఇరుకు మెట్ల మీద ఎక్కించలేరు. ప్లైవుడ్ అయితే అందులో సగం. లోపల రెండంగుళాల సైప్రస్ కర్ర చట్రం. తెర అడుగున రెండువైపులా 60 సెంటీమీటర్ల పాదాలు, వాటి మీద ఇసుకబస్తాలు. పాదాలు లేకుండా తెరల్ని ఒకదానికొకటి కోణంలో బిగించి నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. మామూలు రోజుల్లో అది నిలుస్తుంది. ఉత్సవం రోజున ఎవరో ఒకరు ఒరిగి నిలబడి ఫోను మాట్లాడతారు, వరసంతా కదులుతుంది. పాదాలు పెట్టడమే మేలు.

రంగు వేయాల్సిన వైశాల్యం సుమారు 119 చదరపు మీటర్లు. లీటరుకు పది చదరపు మీటర్ల లెక్కన రెండు పూతలకు 24 లీటర్లు: 20 లీటర్ల బకెట్టు ఒకటి, 4 లీటర్ల డబ్బా ఒకటి. మెరుపు లేని ఎమల్షన్ కావాలి. బొమ్మలు తగిలించడానికి కనీసం అయిదు రోజుల ముందు రంగు పని ముగియాలి. పచ్చి రంగు వాసన మనుషులకు ఇబ్బంది, అద్దం వెనకున్న కాగితానికి ఇంకా ఇబ్బంది. ఫుండీలు చివరి రెండు రోజుల్లో అంతా అయిపోతుందని హామీ ఇస్తారు, అయిపోతుంది కూడా. వాసన మాత్రం పోదు.

బొమ్మ నడిమధ్య నేల నుంచి 148 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మేకు ఎత్తుకు లెక్క: 148కి బొమ్మ ఎత్తులో సగం కలిపి, తీగ బిగిలాగినప్పుడు ఫ్రేము పై అంచునుంచి ఎంత కిందికి ఉంటుందో అది తీసేయాలి. 90 సెంటీమీటర్ల బొమ్మకు తీగ 8 సెంటీమీటర్లు దిగితే 148 + 45 − 8 = 185. ఈ లెక్క కాగితం మీద ముందే అన్నిటికీ వేసి తెర వెనక పెన్సిలుతో రాసుకుంటే 33 బొమ్మల్నీ ఇద్దరు మనుషులు ఒక్క రోజులో తగిలించగలరు. కంటితో చూసి సరిచేసుకుంటూ పోతే మూడు రోజులు.

బెరడు వస్త్రం సంగతి వేరు. ఉగండాలో ముటుబా చెట్టు బెరడును కొట్టి చేసే లుబుగో ఇప్పుడు తూర్పు ఆఫ్రికా చిత్రకళలో బాగా కనిపిస్తోంది. ఆర్మిటేజ్ వేసేది దాని మీదే. అందులో సహజంగా చిల్లులు, కుట్లు ఉంటాయి. గాలిలో తేమ పెరిగితే సాగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. నైరోబీలో వేకువజాము తేమకూ మధ్యాహ్నపు తేమకూ మధ్య తేడా చాలా ఎక్కువ, పాత భవనాల్లో ఏసీ ఉండదు. చట్రానికి బిగించిన లుబుగోను తలుపు పక్కన తగిలిస్తే రోజూ ఉదయం వదులై సాయంత్రానికి బిగుస్తుంది, కుట్ల దగ్గర రంగు పగులుతుంది. లోపలి గదిలో, కిటికీకి దూరంగా పెట్టాలి. చట్రం లేకుండా వేలాడదీసే కృతి అయితే పై అంచుకు కర్ర కట్టి వదిలేయాలి, కింద బరువు కట్టకూడదు.

వెలుతురు: ఉత్తరం కిటికీ మోసం

మన చిత్రకళ బడుల్లో ఉత్తరం వెలుతురే మంచిదని నేర్పుతారు. హైదరాబాదులో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా తప్పితే మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు, కాబట్టి ఉత్తరం కిటికీలోంచి చాలాకాలం నేరుగా ఎండ పడదు. నైరోబీ భూమధ్యరేఖకు ఒకటింబావు డిగ్రీ దక్షిణంగా ఉంది. అక్కడ మార్చి మూడోవారం నుంచి సెప్టెంబరు చివరివారం దాకా సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, మిగతా ఆరునెలలు దక్షిణం వైపు. అంటే ప్రదర్శనలకు వీలైన జూన్-సెప్టెంబరు పొడికాలంలోనే ఉత్తరం కిటికీలోంచి ఎండ వస్తుంది. పొద్దున ఎనిమిదింటికి ఈశాన్యం నుంచి ఏటవాలుగా గది మధ్యదాకా పడుతుంది. ఎప్పుడో జనవరిలో హాలు చూసి వచ్చి, ఉత్తరం కిటికీ వైపు భద్రమని గుర్తుపెట్టుకుని, ఆగస్టులో ఫొటోలు అక్కడ పెట్టే పొరపాటు యూరప్‌నుంచి, మన దేశంనుంచి వెళ్ళే క్యురేటర్లు (ప్రదర్శనను రూపొందించేవాళ్ళు) తేలిగ్గా చేస్తారు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,795 మీటర్ల ఎత్తున ఉండటంతో అతినీలలోహిత (యూవీ) కిరణాల ధాటీ ఎక్కువే.

కాగితం, ఫొటో, వస్త్రం మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాటకూడదు. ఆయిల్, ఆక్రిలిక్ కాన్వాసులకు 150 నుంచి 200 చాలు. కిటికీలకు యూవీ ఫిల్ము అంటించనివ్వకపోతే బియాషారా స్ట్రీటులో మెరికాని (ముతక నూలు) గుడ్డ కొని రెండు పొరలుగా, కిటికీ చట్రానికి కాకుండా లోపల నిలబెట్టిన కర్రలకు కట్టాలి. గుడ్డ వెలుతురును తగ్గిస్తుందే కాని యూవీని పూర్తిగా ఆపదు, అందుకే 50 లక్స్ దాటకూడని కృతుల్ని అప్పటికీ కిటికీ ఎదురుగా పెట్టకూడదు. లక్స్ మీటరుతో ఉదయం 9, మధ్యాహ్నం 1, సాయంత్రం 5 గంటలకు కొలిచి గది పటం మీద రాయాలి. ఫోనులో ఉండే యాప్ అంకెలు నమ్మదగ్గవి కావు.

టీ బాయిలరు, ప్రొజెక్టరు

కెన్యాలో 240 వోల్టులు, 50 హెర్ట్జ్. సాకెట్టు చదరపు మూడు పిన్నులది, ప్లగ్గులో 13 ఆంపియర్ల ఫ్యూజు. మన గుండ్రటి పిన్నుల సామాను తీసుకెళ్తే అడాప్టర్లు కావాలి, వదులు అడాప్టరు వేడెక్కుతుంది. ప్లగ్గు మార్చేయడమే మంచిది.

కరెంటు పోవడం పెద్ద సమస్య కాదు, అందరికీ జనరేటరు ఉంటుంది. సమస్య జనరేటరు అందుకునేలోపు గడిచే పది, ఇరవై సెకన్లు. అంతలో ప్రొజెక్టరు ఆరిపోతుంది, వీడియో ప్లేయరు మెనూ దగ్గర ఆగిపోతుంది. గ్యాలరీలో ఉన్న వలంటీరుకు రిమోటు ఎక్కడుందో తెలియదు. ఆ కళాకృతి ఆ పూటంతా నీలం తెరగా మిగిలిపోతుంది. కరెంటు రాగానే తనంతట తాను ఫైలు మొదలుపెట్టి మళ్ళీమళ్ళీ తిప్పే ప్లేయరు కొనాలి, ప్రొజెక్టరులో ఆటో పవర్ ఆన్ పెట్టాలి, రెండింటికీ యూపీఎస్ ఇవ్వాలి. ల్యాప్‌టాపు మీద వీడియో నడపకూడదు. అప్‌డేటు కోరుతూ మధ్యలో నోటీసు వస్తుంది.

అసలు దెబ్బ టీ దగ్గర తగులుతుంది. పదింటికి, నాలుగింటికి చాయ్, మందాజీ (నూనెలో వేయించిన పిండివంట) లేకుండా నైరోబీలో ఏ సభా సాగదు. కేటరింగువాళ్ళు మూడు కిలోవాట్ల బాయిలరు తెచ్చి దగ్గర్లో ఉన్న సాకెట్టులో పెడతారు. 3000ను 240తో భాగిస్తే 12.5 ఆంపియర్లు, ఫ్యూజు అంచుదాకా వచ్చేసినట్టే. అదే పాత లైను మీద గ్యాలరీ దీపాలో ప్రొజెక్టరో ఉంటే బ్రేకరు పడిపోతుంది. రెండు బాయిలర్లు పెడితే చెప్పక్కర్లేదు. అందుకే ఎలక్ట్రీషియన్‌తో ముందు రోజు ఒక్కో బ్రేకరు దించి ఏ సాకెట్లు ఆరుతున్నాయో చూసి, గ్యాలరీ లైనులో మిగిలిన సాకెట్లన్నిటికీ టేపు వేయించాలి. కేటరింగుకు బయటినుంచి వేరే కేబులు. ఈ ఒక్క గంట పని చాలా ఉత్సవాల్లో జరగదు, ఎందుకంటే అది క్యురేటరు పనో, సభల నిర్వాహకుడి పనో ఎవరికీ తేలదు.

సామాను రాకపోకలు

ఊళ్ళోంచి వచ్చే కాన్వాసులకు పెద్ద శత్రువు ప్రోబాక్స్ కారు. 120 సెంటీమీటర్లు దాటింది అందులో నిటారుగా పట్టదు, పడుకోబెట్టి పైన ఇంకోటి వేస్తారు. బోడా బోడా (మోటారుసైకిలు టాక్సీ) మీద వీపుకు కట్టి తెచ్చేవాళ్ళూ ఉన్నారు. కళాకారుల స్టూడియోలన్నిటినీ చుట్టి వచ్చే మూసిన వ్యానును ఒక్కరోజుకు మాట్లాడుకుంటే, ఒక కాన్వాసు బాగుచేయించే ఖర్చుకన్నా తక్కువే అవుతుంది. వ్యాను ఆదివారం తిప్పాలి.

విదేశంనుంచి తెచ్చేవాటికి తూర్పు ఆఫ్రికా సమాజపు 2004 కస్టమ్స్ చట్టం కింద తాత్కాలిక దిగుమతి దారి ఉంది. గడువు గరిష్ఠంగా ఏడాది, సుంకానికి సరిపడా బాండు ఇవ్వాలి. కర్రపెట్టెలకు ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణపు ముద్ర ఉండాలి, అంటే సాధారణంగా కర్ర లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలినట్టు గుర్తు. ముద్ర లేని ఒక్క పలక మధ్యలో మరమ్మతుకు వాడినా పెట్టె ఆగిపోతుంది. జాబితాలో ప్రతి కృతికీ కొలత, మాధ్యమం, విలువ, ఫొటో ఉండాలి. పెట్టె మీది నంబరూ జాబితాలోదీ ఒకటే కావాలి. పెట్టె చేరాక 24 గంటలు తెరవకుండా గదిలో ఉంచాలి. తెరిచినప్పుడు ముందు, వెనక, నాలుగు మూలలు ఫొటో తీసి, ఉన్న గీతలూ మరకలూ రాసి ఇద్దరు సంతకాలు పెట్టాలి. బీమా గోడ నుంచి గోడ దాకా, అంటే కృతి తన చోటునుంచి కదిలినప్పటి నుంచి తిరిగి అక్కడికి చేరేదాకా ఉండాలి.

ఉత్సవం మూడు రోజులు

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ముందు ఏ సమావేశమూ పెట్టకూడదు. మెక్‌మిలన్ ప్రాంతంలో అయితే పక్కనే జామియా మసీదు. ఒంటిగంట ప్రార్థనకు బాండా స్ట్రీటు నిండిపోతుంది, వీల్‌చైరుకు కూడా దారి దొరకదు. జీవంజీ గార్డెన్స్ చుట్టుపక్కల అయితే మధ్యాహ్న భోజనం వేళ మైకులు పట్టుకుని బోధించే ప్రచారకులుంటారు, ఆ సమయంలో ఆరుబయట కవితాపఠనం రికార్డు చేయడం వృథా. సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా ట్రాఫిక్. నెలాఖరు శుక్రవారమైతే, దానికి వాన కూడా తోడైతే, ఎనిమిదిన్నర దాకా. ప్రధాన సమావేశం శుక్రవారం రాత్రి పెట్టి ఖాళీ కుర్చీలు చూసి బాధపడటంకన్నా శనివారం మధ్యాహ్నం రెండింటికి పెట్టుకోవడం నయం.

స్వాహిలీలో గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది: ఉదయం ఏడు అంటే ఒకటో గంట, మధ్యాహ్నం రెండు అంటే ఎనిమిదో గంట. కార్యక్రమ పత్రం స్వాహిలీలో కూడా అచ్చువేస్తే ఇంగ్లీషు అంకెల్ని యథాతథంగా దించకూడదు. స్వాహిలీ తెలిసిన మనిషి ప్రూఫు చూడకపోతే రెండింటి సభ ఎనిమిదింటిది అవుతుంది.

ఒక్కో సమావేశం 50 నిమిషాలు, మధ్యలో 25 నిమిషాల విరామం. పది నిమిషాల విరామాలతో పొద్దుటి సభ ఆలస్యం సాయంత్రానికి గంటన్నర అవుతుంది, పైగా సంతకాల వరస కదలకముందే తర్వాతి సభ మొదలై పుస్తకాల అమ్మకం పడిపోతుంది. ముఖ్య అతిథి ఆలస్యంగా రావడంలో, వచ్చాక ఎక్కువ మాట్లాడటంలో నైరోబీ మనకు పరాయి ఊరేమీ కాదు. ప్రారంభ ప్రసంగాలను ప్రదర్శన తెరిచే మంగళవారం నాడే ముగించేసి ఉత్సవంలో నేరుగా రచయితలతో మొదలుపెట్టాలి.

తలుపు దగ్గర తనిఖీ తప్పదు. 2013 సెప్టెంబరు 21న వెస్ట్‌గేట్ మాల్ మీద జరిగిన దాడిలో ఘనా కవి కోఫీ అవూనోర్ చనిపోయాడు. ఆయన నైరోబీ వచ్చింది స్టోరీమోజా హే ఉత్సవంలో పాల్గొనడానికే. మిగిలిన ఉత్సవం రద్దయింది. అప్పటినుంచి సంచీల తనిఖీ లేకుండా అక్కడ ఏ సభా నడవదు. లెక్క మాత్రం ముందే వేసుకోవాలి. మనిషికి 25 సెకన్లు, 300 మంది, రెండు వరసలు: గంట పైనే పడుతుంది. నాలుగు వరసలైతే అరగంట. గ్యాలరీకి వేరే తలుపు ఉంటే అందులోనూ తనిఖీ మనిషి కావాలి, లేకపోతే జనం అందులోంచి హాల్లోకి దారి కనిపెడతారు. అతిథులు ఎక్కడ ఉంటున్నారో, ఏ కారులో ఎటు వెళ్ళారో ఒకరి దగ్గర ఎప్పటికప్పుడు జాబితా ఉండాలి. ఉత్సవాన్ని ఆపేసే అధికారం ఎవరిదో ముందే రాసి పెట్టుకోవాలి. గందరగోళంలో కమిటీ కూర్చోదు. బహిరంగ సభ అయితే పబ్లిక్ ఆర్డర్ చట్టం ప్రకారం పోలీసులకు మూడు రోజులకు తగ్గకుండా, పద్నాలుగు రోజులకు మించకుండా ముందుగా తెలియజేయాలి. నెల ముందే ఇచ్చేసి నిశ్చింతగా కూర్చుంటే అది చెల్లదు.

అనువాదానికి భాషకు ఇద్దరు దుభాషీలు, ఇరవై ముప్పై నిమిషాలకోసారి మారాలి. కెన్యా సంజ్ఞాభాష వ్యాఖ్యాతలకూ అంతే. వాళ్ళ మీద విడిగా ఒక దీపం పడాలి. వేదిక దీపాలు ఆర్పి వీడియో చూపించే సమావేశాల్లో ఈ సంగతి అందరూ మరిచిపోతారు. అనువాదం వినడానికిచ్చే హెడ్‌ఫోన్లకు గుర్తింపు కార్డు తాకట్టు పెట్టించుకుందామంటే అది అప్పటికే గేటు దగ్గర కాపలావాళ్ళ డ్రాయరులో ఉంటుంది. నంబరు వేసిన టోకెనూ, ఫోను నంబరూ తీసుకోవాలి.

మన దేశంనుంచి కెన్యాకు వెళ్ళే అతిథులు 2024 జనవరినుంచి వీసాకు బదులు ఈటీఏ (ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ అనుమతి) తీసుకోవాలి. అలా వెళ్ళే రచయితకు ఎక్కువగా ఇబ్బంది వచ్చేది తిరుగుప్రయాణంలో. కెన్యానుంచి వచ్చేవాళ్ళకు ఎల్లో ఫీవర్ టీకా పత్రం లేకపోతే ఇక్కడి విమానాశ్రయంలో క్వారంటైనుకు పంపవచ్చు. టీకా వేయించుకున్న పదిరోజులకు గానీ పత్రం చెల్లదు. హైదరాబాదులో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. టిక్కెట్టు కొన్న రోజే తేదీ తీసుకోవాలి. పారితోషికం ఇస్తే విదేశీ అతిథికి మూలంలోనే సాధారణంగా 20 శాతం పన్ను కోత ఉంటుంది, ఆ సంగతి ఆహ్వానపత్రంలోనే రాయాలి. వేదిక దిగాక చెబితే మాట పడాల్సి వస్తుంది.

పుస్తకాల బల్ల

కెన్యాలో 2013 నుంచి పుస్తకాల మీద కూడా 16 శాతం వ్యాట్ ఉంది. ప్రచురణకర్తల వ్యాపారం ఎక్కువగా పాఠ్యపుస్తకాల మీదే నడుస్తుంది కాబట్టి నవలలు, కవిత్వం చిన్న అచ్చులు. వచ్చే అతిథి పుస్తకం ఊళ్ళో ఉండదనే అనుకుని పది వారాల ముందు తెప్పించాలి. అమ్ముడుపోనివి తిరిగిచ్చే ఒప్పందం మీద ఒక స్థానిక పుస్తకాల షాపుకు బల్ల అప్పగించడం మంచిది. నిర్వాహకులే అమ్మితే లెక్కలతో పాటు మిగిలిన ప్రతులు కూడా మీద పడతాయి. 200 సీట్లకు ఒక్కో అతిథివి 30, 40 ప్రతులు చాలు, పేరు పెద్దదైనా సరే. ఊళ్ళో దొరకని ఒకే ఒక్క పాత పుస్తకం ఉంటే దాన్ని మాత్రం రెట్టింపు తెప్పించవచ్చు.

డబ్బు దాదాపు అంతా ఎంపెసాలో (ఫోను ద్వారా డబ్బు పంపే పద్ధతిలో) వస్తుంది. అందులో దుకాణాలు డబ్బు తీసుకునే టిల్ నంబరుకూ పేబిల్ నంబరుకూ తేడా ఉంది. టిల్‌లో ఎవరు ఎంత పంపారో తెలుస్తుంది, దేనికోసమో తెలియదు. పేబిల్‌లో ఖాతా సంఖ్య వేసే గడి ఉంటుంది. పుస్తకాలు, టిక్కెట్లు, బొమ్మల బయానా అన్నీ ఒకే టిల్‌కు వస్తే ఆదివారం రాత్రి కూర్చుని విడదీయడం నరకం. పేబిల్ తీసుకుని మూడింటికి మూడు సంకేతాలు ఇవ్వాలి, పెద్దక్షరాల్లో గోడకు అంటించాలి.

దింపేటప్పుడు

చివరి రోజు అలసటలో జరిగే నష్టం తగిలించేటప్పటికన్నా ఎక్కువ. అద్దె వాహనం వేచి ఉంది, భవనం తాళాలు అయిదింటికి ఇచ్చేయాలి అన్న తొందరలో బుడగల ప్లాస్టిక్కు బుడగలు లోపలివైపుకి వచ్చేలా ఆక్రిలిక్ మీద చుట్టేస్తారు. రెండు రోజుల్లో రంగు మీద గుండ్రటి మచ్చలు అచ్చుపడతాయి. ముందు ఆమ్లం లేని కాగితం, ఆపైన బుడగలు బయటికి. వచ్చినప్పుడు తీసిన ఫొటోలు చేతిలో పెట్టుకుని అవే కోణాల్లో మళ్ళీ తీయాలి. అద్దెను ఒక రోజు పొడిగించుకోవడం ఇక్కడ దుబారా కాదు.

అమ్ముడైనవాటి డబ్బు కళాకారుడికి ఎన్ని రోజుల్లో అందుతుందో ఒప్పందంలో అంకె వేసి రాయాలి. కెన్యా కాపీరైటు చట్టానికి 2019లో వచ్చిన సవరణతో, ఒకసారి అమ్ముడైన కృతి వ్యాపారపరంగా మళ్ళీ చేతులు మారినప్పుడు కళాకారుడికి 5 శాతం హక్కు ఉంది. అందుకని కొన్నవారి వివరాలు, అమ్మిన ధర ఉన్న రసీదు ప్రతి కళాకారుడికి కూడా వెళ్ళాలి. తాత్కాలిక దిగుమతి మీద వచ్చినదాన్ని ఎవరైనా కొంటే సుంకం, వ్యాట్ కట్టి మామూలు దిగుమతిగా మార్చేదాకా అప్పగించకూడదు. అమ్ముడైందని ఎర్ర చుక్క అంటించినంత తేలిక కాదది, ఏజెంటుకు వారం పట్టవచ్చు.

మిగిలినవి విమానం ఎక్కాక ఎగుమతి పత్రం మీద కస్టమ్స్ ముద్ర పడిన ప్రతి తెప్పించుకుని బాండు రద్దుకు దరఖాస్తు చేయాలి. చాలా బృందాలు ఈపాటికి విడిపోయి ఉంటాయి. ఏజెంటుకు చివరి చెల్లింపు కూడా అయిపోయి ఉంటుంది కాబట్టి అతనికీ తొందర ఉండదు. ఆ చెల్లింపులో నాలుగోవంతు బాండు రద్దయిన ఉత్తరం చేతికి వచ్చాకే ఇస్తామని మొదటి ఒప్పందంలోనే రాసుకోవాలి.